వేదాద్రి రేవులో బారలు

చిల్లకల్లు దగ్గర హైవే వదిలి వేదాద్రి వచ్చాను. యోగానంద నరసింహస్వామి గుడి కిందే కృష్ణ. రేవులో మునిగే భక్తుల కంటే పైనుంచి దూకే పిల్లలే ఎక్కువ.

"ఎంత దూరం పోగలవురా?" అన్నాను, బారలు బాగా వేస్తున్న ఒకణ్ణి చూసి.

"అవతలి ఒడ్డుకి పోతానన్నా. తిరిగి రావడం పడవ తాత దయ!"

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? మా అన్న తోసేశాడు."

పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన నవ్వలేదు. "పైన పులిచింతల ఉంది బాబూ. నిన్న మోకాలిలోతున్న చోట ఇవ్వాళ నిలువులోతు. గేట్లెత్తిన సంగతి ముందు ఏటికి తెలుస్తుంది, తర్వాతే మనకి." 45.77 టీఎంసీల జలాశయం అది. 2021 ఆగస్టులో దాని గేటు ఒకటి కొట్టుకుపోయింది కూడా.

నేను వెతుకుతున్నది దూరం ఈదేవాళ్లని. ఏరు ఎరిగిన ఊళ్లలో అలాంటివాళ్లు పుడతారనుకుంటాం. గోలి శ్యామల కథ చూస్తే అది నిజం కాదు. సామర్లకోట మూలాలున్న ఈ యానిమేషన్ నిర్మాత హైదరాబాద్‌లో, నలభై దాటాక, నీళ్ల భయం పోగొట్టుకోవడానికి ఈత కొలనులో దిగారు. 2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోటికి పాక్ జలసంధి ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలు. 2024 డిసెంబరు 28న విశాఖలో మొదలుపెట్టి, రోజుకు కొంత చొప్పున 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి 3న కాకినాడ తీరం చేరారు. అప్పటికి ఆవిడకు 52 ఏళ్లు!

30 కిలోమీటర్లంటే 50 మీటర్ల కొలనును ఈ చివర నుంచి ఆ చివరికి 600 సార్లు ఈదడం. అదీ నిలకడ నీటి లెక్క. సముద్రంలో ప్రవాహం పక్కకు లాగుతుంది, జెల్లీచేపలు కుడతాయి, ఉప్పునీటికి నాలుక పొక్కుతుంది. తోడు పడవ పక్కనే వస్తుంది గానీ చెయ్యి ఆనించారా, ఆ ఈత చెల్లదు. తిండీ నీళ్లూ కూడా నీటిలో తేలుతూనే పుచ్చుకోవాలి. ఇదంతా శిక్షణతో వచ్చేది. ఏరు ధైర్యం ఇస్తుందేమో గానీ, దమ్ము దాచుకోవడం, ఎక్కడ ఆగాలో తెలియడం కోచ్ నేర్పాలి.

రేవులో పిల్లలకు కోచ్ అన్న మాటే కొత్త. విజయవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జీ ఈత కొలను ఉంది. ఆక్వా డెవిల్స్ సంఘం ఆ ఊళ్లోనే కృష్ణ దాటే పోటీలు పెడుతూ వస్తోంది. కానీ జగ్గయ్యపేట పిల్లవాడు రోజూ అంత దూరం బస్సెక్కి పోయి ఈదలేడు.

తిరుగు దారిలో నందిగామలో టీకి ఆగితే, హోటల్లో మాట ఏటూరు మీదికి మళ్లింది. చందర్లపాడు మండలంలోని ఆ ఊళ్లో 2022 జనవరిలో ఐదుగురు పిల్లలు మున్నేటిలో మునిగిపోయారు. పతకాల మాట తర్వాత చూసుకోవచ్చు. ముందు నందిగామలో ఒకటి, జగ్గయ్యపేటలో ఒకటి, లోతు తక్కువ కొలనులు కట్టి, జీతమిచ్చి ఒక్కో కోచ్‌ని పెట్టండి. ఎన్టీఆర్ జిల్లా అధికారులను అడుగుతున్నది ఇంతే.