వీ-వన్ కంటే ముందు

మా పిన్ని కూతురు విమానం నడుపుతుంది. పోయిన వేసవిలో ఏదో పరీక్ష ఉందని పదిరోజులు మా ఇంట్లో ఉండి చదువుకుంది. భోజనాల బల్లకి ఒకవైపు నేను దిద్దాల్సిన జవాబు పత్రాలు, ఇంకోవైపు తన లెక్కల పట్టికలు. తన నోట్సులో ఒకచోట ‘డెసిషన్ స్పీడ్’ అని కనిపించింది. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, మాట దగ్గర ఆగిపోవడం అలవాటు. నిర్ణయానికి వేగమేమిటని అడిగాను.

రన్‌వే మీద పరుగు మొదలయ్యాక మూడు వేగాలు ముఖ్యమట. మొదటిది వీ-వన్. ఏదైనా తేడా వస్తే ఆ వేగంలోపే ఆపడం మొదలుపెట్టాలి. అప్పుడే మిగిలిన రన్‌వేలో విమానం ఆగుతుంది. రెండోది వీ-ఆర్, ముక్కు పైకెత్తే వేగం. మూడోది వీ-టూ, ఒక ఇంజన్ పోయినా క్షేమంగా పైకి తీసుకెళ్ళే వేగం. పెద్ద జెట్ విమానాలకి వీ-వన్ చాలాసార్లు 130 నుంచి 150 నాట్లు, అంటే గంటకి 240 నుంచి 280 కిలోమీటర్లు ఉంటుంది. అది రాగానే కెప్టెన్ ఇంజన్ల లీవర్ల మీంచి చెయ్యి తీసేస్తారు.

“అయితే వీ-వన్ దగ్గర నిర్ణయం తీసుకుంటారన్నమాట” అన్నాను.

“కాదక్కా, అందరూ పొరబడేది అక్కడే. వీ-వన్ వచ్చేసరికే నిర్ణయం అయిపోయి, చెయ్యి పని మొదలుపెట్టి ఉండాలి. అప్పుడు ఆలోచిద్దామంటే ఆలస్యమైనట్టే.”

ఆ అంకె అందరికీ ఒకటే కాదు. బరువు, రన్‌వే పొడవు, గాలి, ఎండ అన్నీ చూసి ప్రతిసారీ కొత్తగా లెక్కగడతారు. నేల తడిగా ఉంటే వీ-వన్ తగ్గుతుంది. ఎందుకంటే బ్రేకులు సరిగా పట్టవు కాబట్టి. ఇంకో సంగతి కూడా చెప్పింది. 80 లేదా 100 నాట్ల లోపు చిన్న అనుమానానికైనా ఆపొచ్చు. అది దాటాక నిప్పు, ఇంజన్ పోవడం లాంటి పెద్ద కారణం ఉంటేనే ఆపుతారు. వేగం పెరిగేకొద్దీ చిన్న కారణాలు చెల్లవు.

ఈ మాట దగ్గర నాకు నా పెళ్ళి గుర్తొచ్చింది.

నిశ్చితార్థమైన వారానికి, నా పీహెచ్‌డీ మాటెత్తితే అతను “చూద్దాంలే” అన్నాడు. అన్న తీరు నాకు నచ్చలేదు. “ఇంకొంచెం ఆగితే బాగుంటుందేమో నాన్నా” అన్నాను. “అన్నీ సర్దుకుంటాయమ్మా” అన్నారు. తర్వాత “ఎందుకో భయంగా ఉందమ్మా” అన్నాను. “అందరికీ అలాగే ఉంటుంది” అంది అమ్మ. మూడోసారి నోరు తెరిచేసరికి శుభలేఖలు అచ్చయ్యాయి. హాలుకి అడ్వాన్సు వెళ్ళిపోయింది. ‘ఏమో’, ‘ఎందుకో’ అనేవి ఇంక కారణాలే కాకుండా పోయాయి. మూడేళ్ళ తర్వాత నేను ఆ ఇంట్లోంచి వచ్చేసినప్పుడు అమ్మ అడిగింది, “అప్పుడే చెప్పుండొచ్చు కదే?” అని. నేను చెప్పాననే అనుకున్నాను, ఇన్నాళ్ళూ.

చెల్లెలి పుస్తకాల్లోనే ఒక ప్రమాదం గురించి చదివాను. 1982 జనవరి 13, వాషింగ్టన్‌లో మంచు కురుస్తోంది. ఎయిర్ ఫ్లోరిడా విమానం పరుగు మొదలుపెట్టింది. ఇంజన్ల సెన్సార్లకి మంచు పట్టి, శక్తి తక్కువున్నా ఎక్కువున్నట్టు చూపిస్తున్నాయి. ఇది సరిగ్గా లేదని కో-పైలట్ ఒకటికి రెండుసార్లు అన్నాడు. సరిగ్గానే ఉందన్నాడు కెప్టెన్. కో-పైలట్ కాస్త తగ్గి, అవునేమోనన్నాడు. మళ్ళీ సందేహపడ్డాడు. ‘ఆపు’ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. వీ-వన్ దాటిపోయింది. లేచిన విమానం వంతెనని ఢీకొని పొటోమాక్ నదిలో పడింది. విమానంలో 74 మంది, వంతెన మీద నలుగురు చనిపోయారు. హెచ్చరిక విన్నాక కూడా కెప్టెన్ ఆపకపోవడాన్ని దర్యాప్తు నివేదిక ప్రమాద కారణాల్లో ఒకటిగా రాసింది.

షార్లెట్ లిండే అనే భాషాశాస్త్రవేత్త కాక్‌పిట్ సంభాషణల మీద 1988లో ఒక వ్యాసం ప్రచురించింది. కింది వాళ్ళు పైవాళ్ళతో మాటని మెత్తబరిచి చెప్తారని, అలా మెత్తబడిన మాట ఎక్కువసార్లు వీగిపోతుందని ఆమె చూపించింది.

వాషింగ్టన్ విమానంలో ఆ ఇద్దరూ మగవాళ్ళే. మెత్తగా, నసుగుతూ మాట్లాడటం ఆడవాళ్ళ స్వభావమని ఇప్పటికీ రాసేవాళ్ళున్నారు. అది స్వభావం కాదు, కింద కూర్చోబెట్టినవాళ్ళ భాష. కో-పైలట్‌కి ఆ భాష ఉద్యోగంతో వచ్చింది. మనకి మాటలతోపాటే నేర్పారు. ఇలాంటి ప్రమాదాలనుంచి విమానయానం నేర్చుకున్నది ఒకటుంది. తప్పంతా కిందివాళ్ళ నోటిదేనని వదిలెయ్యలేదు. సూటిగా చెప్పడం వీళ్ళకీ, వినడం కెప్టెన్లకీ శిక్షణలో భాగం చేశారు. మన ఇళ్ళల్లో “చెప్పుండొచ్చు కదా” అనేది మాత్రం ఇంకా అమ్మాయినే.

“వీ-వన్ దాటాక ఇంజన్ పోతే?” అని అడిగాను చెల్లెల్ని.

“ఎగరాల్సిందే. ఉన్న ఇంజన్‌తో పైకెళ్ళి, కుదుటపడి, చుట్టుతిరిగొచ్చి దిగుతాం.”

దాటిపోయిందంటే అక్కడే ఉండిపోవాలని కాదన్నమాట. నా థీసిస్ నేను రాసింది అలా దిగాకే. ఈ ఊరట నాకు చిన్నదేం కాదు. కానీ ఆ మూడేళ్ళని ఇది చెరిపెయ్యలేదు.

మొన్న నా విద్యార్థిని ఒకమ్మాయి క్లాసయ్యాక ఆగింది. “ఇంట్లో సంబంధం చూశారు మేడమ్. అబ్బాయి మంచివాడే. ఎందుకో...” అని ఊరుకుంది. ఇదివరకైతే నేనూ అందరికీ అలాగే ఉంటుందనేదాన్నేమో.

“ఎందుకో అంటే? వద్దా?” అన్నాను.

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. “వద్దు మేడమ్” అంది.

“ఇంట్లో కూడా ఈ ఒక్క ముక్కే చెప్పు. కావాలంటే నేనూ వస్తాను.”