నాన్నగారి జీపు

మా చోడవరం ఇంటి పెరట్లో షెడ్డు కింద ఇరవయ్యేళ్ళుగా ఒక జీపు పడివుంది. 1968 నాటి మహీంద్రా. ఒకప్పుడు కాంట్రాక్టు పనుల మీద నాన్నగారు పాడేరు ఘాట్ రోడ్డెక్కిన బండి. "పాత ఇనుము కింద అమ్మెయ్యరాదూ" అంటుంది మా ఆవిడ. నిరుడు వేసవి సెలవుల్లో నాకు మాత్రం పంతం పుట్టింది, దాన్ని నడిపించాలని.

సమాసాలు విడదీయడం వచ్చుగాని బోల్టు విప్పడం నాకేం వచ్చు! మొదటిరోజే బలంకొద్దీ తిప్పి ఒకదాని తల విరగ్గొట్టాను. అరుగుమీద నాన్నగారికి ఆ చప్పుడు వినబడింది. చూపు పోయి నాలుగేళ్ళయింది ఆయనకు. ఇంజనీరింగు కాదని తెలుగు చదివానని పాతికేళ్ళుగా నాతో ముభావం.

"కిరసనాయిలు పోసి రాత్రంతా నాననియ్యరా. పొద్దున్న ముందు బిగించేవైపు కాస్త తిప్పి, ఆ తరవాత విప్పు" అన్నారు.

మర్నాడు రెండో బోల్టు కిక్కురుమనకుండా వచ్చింది! ఇక ఆయన చెప్పడం, నేను చెయ్యడం. కార్బురేటరు కడిగాను, బ్రేకు సిలిండర్లు మార్చాను. మధ్యాహ్నం భోజనాలక్కూడా మా మాటలు ఆగేవి కావు.

చివరికి ఇంజను పలికింది. నాన్నగార్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరిచివర గుట్ట దగ్గరికి వెళ్ళాను. గేరురాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలను కూడా లాగిస్తుంది, రెండోది ఎత్తు ఎక్కడానికి బలమిస్తుంది. ఆ రెండోదానితో నేను కుస్తీ పడుతున్నాను. అది పడదే!

నాన్నగారు చేత్తో తడుముకుని మొదటిది వేశారు.

"ముందు నాలుగు చక్రాలూ కలవాలిరా అబ్బాయ్. కొండ సంగతి తరవాత."