కొమ్ముల తల్లికి తేనె, రొట్టె!

రష్యా ఉత్తర కొసన ఆర్ఖాంగెల్స్క్ అనే రేవు పట్నం. డిసెంబరు నెలాఖరులో వెళ్లాను. పగలు నాలుగు గంటలే! మ్యాట్నీకి వెళ్తే బయటికొచ్చేసరికి చీకటే అన్నమాట.

ఈ ప్రాంతపు పల్లెపడుచులు కుట్టిన పాత తువ్వాళ్లను మ్యూజియంలో చూసి ఆగిపోయాను. తెల్లని నారబట్ట, ఎర్రదారం. మధ్యలో చేతులు చాచిన స్త్రీ. తలమీద కొమ్ములు! ఈమే పురుడు పోసే తల్లి 'రోజానిత్స' అని 1981లో పుస్తకం రాశాడు బోరిస్ రిబకోవ్. పండితులందరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

రోజానిత్సకు రొట్టె, జున్ను, తేనె పెట్టేవారట. 12వ శతాబ్దంలో నొవ్‌గొరోద్ సన్యాసి కిరిక్ ఆ మాట రాసిపెట్టాడు. మతగురువులు ఈ పూజను తిట్టిపోశారు. తమాషా ఏమిటంటే, ఆ తిట్లే ఆమె పేరును మనదాకా మోసుకొచ్చాయి!

బజారులో ఒక మామ్మగారు 'కోజూలీ'లు అమ్ముతోంది. జింక, మేక ఆకారాల్లో మసాలా బిస్కెట్లు, పైన పంచదార పూత. క్రిస్మస్‌కి ఇక్కడ తరతరాలుగా చేస్తారు. "తినేస్తావేమిటి నాయనా! ఇంట్లో పెట్టుకో, మేలు జరుగుతుంది" అని దుబాసీ చేత చెప్పించింది. రోజానిత్స సంగతి అడిగితే "ఎవరామె?" అంది. పేరు తెలీదు. పిండికి కొమ్ములు తిప్పింది మాత్రం ఆమె వేళ్లే!

పాత దేవతలను మళ్లీ కొలిచేవాళ్లు కొందరు నడిచలికాలంలో ఇలాంటి జింక బిస్కెట్లే ఆ తల్లికి నైవేద్యం పెడుతున్నారు.

ఇంకో విశేషం వినండి. రెయిన్‌డీర్లలో ముదురు మగవి చలికాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేస్తాయి. నడిచలికాలంలో మంచులో కొమ్ములతో నిలబడేది చాలావరకు ఆడదే... అదీ ఎక్కువగా కడుపుతో ఉన్నది! మరి తల్లికి కొమ్ములు పెట్టడంలో వింతేముంది?