బాణం గుర్తున్న టేబుళ్లు

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్ 97 తెరిస్తే కొన్ని టేబుళ్ల పేర్ల ముందు చిన్న భూగోళం, దాని పక్కన బాణం గుర్తు కనిపించేవి. ఆ టేబుల్ మన కంప్యూటర్లో లేదని, వేరేచోట సర్వర్లో ఉన్నదానికి ఇక్కణ్నుంచి లంకె మాత్రమే వేశారని అర్థం. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో కొలువు చేసిన రోజుల్లో నా పనంతా ఆ బాణాల చుట్టూనే తిరిగేది.

మిల్లులో లెక్కలు రెండు చోట్ల ఉండేవి. కాటా గదిలో డాస్ మీద నడిచే ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం. పత్తి బండి నిండు తూకం, దించాక ఖాళీ తూకం, మధ్య తేడా, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద చీటీ. రైతు పేరు, ఊరు, కమీషన్ అంగడి, ధర, చెల్లింపు మాత్రం అకౌంట్స్ గదిలోని ఎస్‌క్యూఎల్ సర్వర్లో ఉండేవి. రోజూ సాయంత్రం తూకాలను ఫ్లాపీలో తెచ్చి ఇక్కడ మళ్లీ టైపు కొట్టేవాళ్లు.

ఫాక్స్‌ప్రోను మైక్రోసాఫ్ట్ కొనుక్కున్నదీ, యాక్సెస్ మొదటిసారి బజారుకొచ్చిందీ, ఏ డేటాబేస్‌తోనైనా ఒకే పద్ధతిలో మాట్లాడే ఓడీబీసీ వచ్చిందీ ఒకే ఏడాది, 1992లో. ఆ మూడింటి పొత్తు ఫలితం మా మిల్లుకు చేరడానికి కొన్నేళ్లు పట్టింది. యాక్సెస్ ఫైల్ మెనూలో ‘గెట్ ఎక్స్‌టర్నల్ డేటా’, అందులో ‘లింక్ టేబుల్స్’. కాటా గది ఫైలుకు ఒక లంకె, సర్వర్‌కు ఇంకో లంకె. సర్వర్ టేబుళ్లన్నీ పేరుకు ముందు ‘డీబీఓ’ తగిలించుకుని వరసగా దిగేవి. ఫ్లాపీతో పని తీరిపోయింది.

సావుకారి కుర్చీ నా వెనకే. “ఈ తూరి మీ కైరుప్పల పత్తి ఎంతొచ్చెనప్పా?” అనేవాడు. తూకం ఒకచోట, ఊరు ఇంకోచోట. పైగా ఇంగ్లిషు అక్షరాల్లో మా ఊరి పేరును ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా కొట్టేవాడు. మామూలుగా కూడితే ఒక్క కైరుప్పల నాలుగైదు ఊళ్లయ్యేది. అందుకని ఆస్పరి, ఆలూరు, ఎమ్మిగనూరు వైపు ఊళ్లన్నిటికీ, పేరు ఎన్ని రకాలుగా రాసినా ఒకే నంబరు పడేటట్టు యాక్సెస్‌లోనే నా సొంత టేబుల్ చేసుకున్నాను. మూడు చోట్ల సమాచారం ఒకే క్వెరీలో కలిసేది. చీటీ చేతికిస్తే సావుకారి చదువుకుని తలూపేవాడు.

యాక్సెస్ మొండితనం యాక్సెస్‌కుండేది. టేబుల్‌కు కీ లేకపోతే, ఏ నిలువు వరుసతో ఒక్కో రికార్డును గుర్తుపట్టాలో చెప్పమనేది. చెప్పకపోతే చూడనిచ్చేది గానీ దిద్దనిచ్చేది కాదు. యాక్సెస్ ముందు కీలు మాత్రం తెచ్చుకుని, వాటిని పట్టుకుని మిగతా వరుసలు అడుగుతుంది. కీలో దశాంశాలుండి, చివరి అంకె రెండు వైపులా సరిపోలకపోతే తెరంతా ‘డిలీటెడ్’ అని నిండేది. “యాడికి పాయప్పా లెక్కంతా?” అని సావుకారి లేచి నిలబడేవాడు. సర్వర్లో అంతా భద్రంగానే ఉండేది.

ఇక్కడి టేబుల్‌ను అక్కడిదానితో కలిపితే ఒక్కోసారి సర్వర్ టేబుల్ మొత్తాన్నీ తీగ మీద లాక్కొచ్చి ఇక్కడ జల్లెడ పట్టేది. అలాంటప్పుడు పాస్‌త్రూ క్వెరీ రాస్తే పని సర్వరే చేసి జవాబు మాత్రం పంపేది. ఆ తీగ కూడా ఇప్పుడు కనబడదు. టీవీ కేబుల్‌లాంటి నల్ల తీగ, ప్రతి కంప్యూటర్ వెనకా టీ ఆకారపు బిరడా. ఊడ్చేటప్పుడు ఒక్కటి ఊడినా ఆఫీసంతా నిలిచిపోయేది. సీపీయూ మూత తీస్తే ఫ్యాను నిండా దూది నుసి.

ఉగాదికి సీజను సన్నగిల్లేది. మర్నాడు మా ఊళ్లో పిడకల సమరం కాబట్టి, ఊర్లవారీ మొత్తాలు ముందే తీసిపెట్టి బస్సెక్కేవాణ్ని.

ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్ 2004లో వచ్చింది, 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ మద్దతు కూడా ఆగింది. యాక్సెస్‌నే నేరుగా ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ముఖద్వారం చేసిన ‘ప్రాజెక్ట్’ ఫైళ్లు యాక్సెస్ 2000తో పుట్టి 2013 వెర్షన్‌లో మాయమయ్యాయి. మార్కెట్ యార్డుల్లోకి 2016లో ఆన్‌లైన్ మార్కెట్ ఇ-నామ్ వచ్చింది, మిల్లుల లెక్కలు బ్రౌజర్లోకి వెళ్లాయి. తూకం పడిన నిమిషంలో లెక్కలోకి ఎక్కుతోంది. దాన్ని కాదనలేం.

ఓడీబీసీ మాత్రం ఇప్పటికీ ఉంది, యాక్సెస్ నుంచి లంకె వేయడమూ కుదురుతుంది. కాకపోతే సర్వర్ పాస్‌వర్డ్ ఇప్పుడు గుమాస్తాకు ఇవ్వరు. పోర్టల్లో ఏ రిపోర్టులుండాలో ఎక్కడో కూర్చున్నవాళ్లు ముందే తీర్మానించి ఉంటారు. కైరుప్పల పత్తి ఎంతని ఎవరైనా అడిగితే, ఆ మీట లేదని చెప్పి హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టాలి. అప్పట్లో తెలుసుకోవాలనిపించిన సంగతిని ఆ మధ్యాహ్నమే నా క్వెరీ నేను రాసుకుని అడిగేవాణ్ని. పాత సామాన్లలో నాకు కొరత అనిపించేది అదొక్కటే.