చీనీతోట చిత్రము

మా పుట్టినింట మాకు చదువు చెప్పినవారు మా నాయనగారు. అమరకోశమున వనౌషధివర్గము వచ్చినప్పుడు వారొక నియమము పెట్టిరి. శ్లోకము వల్లించినంతనే చాలదు; ఆ మొక్కను పెరటినుండియో చేనిగట్టునుండియో తెచ్చి, ఎదుట నుంచుకొని, కాగితముపై గీసి చూపవలెను. అపామార్గమనగా ఉత్తరేణి, అర్కమనగా జిల్లేడు అని పలుకుట సులభమే. ఉత్తరేణి కంకి ముండ్లు పైకి చూచునా, క్రిందికి చూచునా యని వారడిగినప్పుడు మాత్రము మరల గట్టునకు పరుగెత్తవలసి వచ్చెడిది. మాకు చిత్రలేఖన మట్లలవడినది. పెండ్లియై అనంతపురము సీమకు వచ్చిన పిదపను ఆ యలవాటు విడువలేదు. మావారు బడినుండి తెచ్చి యిచ్చు చిత్తుపుస్తకములలో తంగేడు, తుమ్మ, సీతాఫలము, వేరుసెనగ యూడలు నేలలోనికి దిగు తీరు, అన్నియు నెక్కినవి. ఆకు ఈనె యొకటి తప్పినను ఆ పుట చింపివేయుచుంటిమి.

ఇట్టి మాకు, ఆకారము తెలియని చిత్రములన్న బొత్తిగా గిట్టకుండెను. పత్రికలలో నట్టివి కానవచ్చినప్పుడు, గీయుట చేతగానివారి పని యని నవ్వి పుట త్రిప్పుచుంటిమి. ఆ నవ్వునకు తగిన శాస్తి జరిగినది. సోదరీమణులతో నది చెప్పుకొనుటకే యీ వ్రాత.

మా బావగారికి పల్లెలో చీనీతోట యుండెను. ఇతర జిల్లాలవారు బత్తాయి యనునదే మాకు చీనీ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నీ మెట్టసీమలో చీనీ నాటుట యనగా భూగర్భజలముతో జూదమాడుటయే. 2018వ సంవత్సరమున వానలు తప్పినవి, బోరు ఎండెను. మఱియొకటి ఎనిమిది వందల అడుగులు దింపిరి, దుమ్ము లేచెను. ట్యాంకర్లతో నీరు తోలి కొన్నాళ్లు చెట్లను బ్రతికించిరి. 2019 వేసవిలో వానిని మొదలంట నరికించి కట్టెలక్రింద నమ్మివేసిరి. ఆ తోట మా అత్తగారు తమ చేతులతో పాదులు చేసి, బిందెలతో నీళ్లుపోసి పెంచినది. వారు మాయింటికి వచ్చి పది దినములు తోట మాట యెత్తలేదు. పదునొకండవనాడు, "ఏమమ్మా, నువ్వు అన్నీ గీస్తావు గదా, మన తోట గీసియ్యి" అనిరి.

మా పాతపుస్తకములో చీనీకొమ్మ యొకటి యుండెను. ఆకుకాడ కిరువైపుల నుండు సన్నని రెక్కలు, ముల్లు, కాయ తొడిమ, ఒక్కటియు తప్పలేదు. కొంత గర్వముతోడనే చూపితిమి. వారు కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "ఆకు బాగుంది. తోట యేదీ?" అనిరి. పిమ్మట మూడుదినములు కూర్చుండి, జ్ఞాపకమున్నంతవఱకు చెట్లు, గట్టు, మోటారు గది, అన్నియు గీసితిమి. "ఇది ఎవరి తోటైనా అయితాది" అని కాగితము తిరిగి యిచ్చిరి.

అప్పుడు మాకు కృష్ణారెడ్డిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆ కరవుటేడు ఆగస్టునందే వారు న్యూయార్కులో గతించిరని పత్రికలో చదివియుంటిమి. వారు మనవారే. 1925లో చిత్తూరు జిల్లా నందనూరున జన్మించి, మదనపల్లె చేరువ ఋషివ్యాలీలో చదివి, శాంతినికేతనమున నందలాల్ బోసుగారి శిష్యులైరి. చెట్టును, పురుగును కన్నులార చూచి గీయుట యచ్చటి తొలిపాఠము. పిదప లండనునకును, అచ్చటినుండి పారిస్‌నకును పోయి, హేటరుగారి ముద్రణశాలలో పనిచేసిరి. రంగులలో అవిసెనూనె పాళ్లు మార్చినచో ఒక రంగు మఱియొకదానిని తనమీదికి రానీయదట. ఆ గుణమును పట్టుకొని, మెత్తని రోలరు పల్లములకును గట్టి రోలరు మిట్టలకును రంగు నందించునట్లు చేసి, ఒకే రేకునుండి పెక్కు రంగులను ఒక్కసారిగా ముద్రించు పద్ధతిని వారును వారి తోడివారును సాధించిరి. మన దేశప్రభుత్వము 1972లో వారికి పద్మశ్రీ నిచ్చినది. వారి 1963 నాటి 'సుడిగుండము' అచ్చుబొమ్మను మావారు బడి గ్రంథాలయపు పుస్తకమున చూపిరి. అందు నీరు లేదు, ఒడ్డు లేదు, తిరుగుడొక్కటే యున్నది. ఐనను చూచుచుండగా కాలు జాఱునట్లు తోచినది. విష్ణుధర్మోత్తరమున చిత్రసూత్రమును చెప్పినవారు, గాలివాటు నెఱిగి అలలను, జ్వాలలను, పొగను చిత్రింపగలవానిని చిత్రవిదునిగా నెంచిరని చిన్ననాడు చదువుకొంటిమి. దాని యర్థ మా బొమ్మ చూచినప్పుడు గాని బోధపడలేదు.

హాలెండు దేశపు మోండ్రియను అను చిత్రకారుడు చెట్టును గీసి గీసి, 1911లో బూడిదరంగు చెట్టును, 1912లో పూచిన సీమరేగుచెట్టును చిత్రించెనట. రెండవదానికి వచ్చుసరికి కొమ్మలు వంపుగీతలుగా మాత్రమే మిగిలినవి. ఇదంతయు చదివి మేము మురిసిపోయితిమి గాని, మావారు, "ఇందులో వింత యేమి? మీరు వాకిట వేయు పద్మపు ముగ్గునకు ఈనెలున్నవా?" యనిరి. నిజమే. ధర్మవరము చీరయంచున మామిడిపిందెకు తొడిమ యెక్కడ? లేపాక్షి లతామంటపపు స్తంభములమీది తీగలు ఏ మొక్కవని మా నాయనగారడిగినను చెప్పజాలము. ప్రతి ప్రాతఃకాలమున మన చేతితో మనము చేయుచున్న పనినే పత్రికలో చూచి ఇన్నేండ్లు నవ్వితిమి!

మఱునాడు పెద్దకాగితము తీసి చెట్లు గీయుట మానితిమి. చీనీచెట్లు ఇరువది అడుగుల కొకటిగా, సాలు తప్పక నుండెడివి. మేము కడపటిసారి పోయినప్పుడు మిగిలినవి మోళ్లు. ఒక్కొక్క మోటికి ఒక్కొక్క చుక్క పెట్టుచు, సాళ్లవెంబడి సాళ్లు నింపితిమి. చుక్క నల్లగా నద్దినచోట చేతికి బరువు తోచినది. ఇంకేమియు గీయ బుద్ధి పుట్టలేదు. సాయంకాలము దానిని అత్తగారి ఒడిలో నుంచితిమి, ఏమనియు చెప్పలేదు.

వారు వేలితో మొదటి సాలు తడవి, రెండవది తడవి, "ఏమమ్మా, చుక్కలు పెట్టి ముగ్గెయ్యకుండా వదిలిపెడితివేమి?" అనిరి. మాకు నోట మాట రాలేదు. వారును బదులు కోరినట్లు లేదు. మూడవ సాలు చివరకు వచ్చి, వ్రేలు నిలిపి, "ఈడ చెట్టు లేదు. బండ ఉండె. రెండుతూర్లు నాటినా బతకలా" యనిరి. మా చేతిలోని రబ్బరు తీసుకొని, ఆ యొక్క చుక్కను తుడిచి, ధూళి ఊదివేసి, నాలుగవ సాలు లెక్కింప మొదలిడిరి.