మస్టరు పడని రోజులు

యావజ్జీవ కారాగార శిక్ష అంటే ఎన్నేళ్ళు? మా నస్పూరులో ఎవరినడిగినా తడుముకోకుండా సమాధానం చెబుతారు. "పద్నాలుగేండ్లు. పగలొక దినం, రాత్రొక దినం లెక్క గడ్తరు గనుక నికరంగ ఏడేండ్లే." మూడు షిఫ్టులలో బతికిన ఊరు మాది. శ్రీరాంపూర్ గనులలో రాత్రి షిఫ్టుకు దిగినవాడు తెల్లవారి పైకి వచ్చేసరికి, తక్కినవారికి నిద్రలో గడిచిపోయిన కాలం అతనికి ఒక పూర్తి మస్టరుగా మారి ఉంటుంది. రాత్రిని కూడ లెక్కలో వేసుకొనే అలవాటున్న చోట ఇటువంటి నమ్మకం నాటుకొనడంలో వింత లేదు. శ్రీరాముని వనవాసం కూడ పద్నాలుగేళ్ళే కావడం దానికి తోడై ఉంటుంది. అయితే ఇది మా ఊరి నమ్మకం మాత్రమే కాదు, దేశమంతటా ఉన్నదే. అది పూర్తిగా అబద్ధమన్న సంగతి మాత్రం, ఇంట్లో ఒకరికి శిక్ష పడ్డాక గాని చాలమందికి తెలియదు.

చట్టంలో రాత్రికి వేరే లెక్క లేదు. పద్నాలుగేళ్ళతో యావజ్జీవం తీరిపోతుందనీ లేదు. భారత శిక్షాస్మృతి 57వ సెక్షనులో యావజ్జీవాన్ని 20 ఏళ్ళుగా ఎంచాలని ఒక మాట ఉండేది. అది నేరానికి ప్రయత్నించినవాడికి సగం శిక్ష వేయవలసి వచ్చినప్పుడు, దేనిలో సగమో తేల్చుకోవడానికి పెట్టుకున్న కొలత. 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది: యావజ్జీవమంటే ఖైదీకి మిగిలిన జీవితమంతా. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి విడిచిపెడితే తప్ప ఆ శిక్షకు ముగింపు తేదీ ఉండదు. మరి పద్నాలుగు ఎక్కడిది? 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడులో చేర్చిన 433-ఏ సెక్షనుది. మరణశిక్షకు కూడ వీలున్న నేరంలో యావజ్జీవం పడినవాడిని, జైలులో నికరంగా పద్నాలుగేళ్ళు గడపనిదే ముందస్తుగా విడుదల చేయరాదని ఆ సెక్షను చెబుతుంది. పద్నాలుగో ఏడు నిండాక విడుదల కోసం అడగవచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 2024 జులై 1 నుండి పాత కోడు పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షను అంకె 475 అయింది గాని కట్టడి మారలేదు.

యావజ్జీవం సంగతి అటుంచి, మూడేళ్ళో ఐదేళ్ళో గడువు పెట్టిన శిక్షలను చూద్దాం. ఇక్కడ లెక్క తేలికనుకుంటాం. న్యాయమూర్తి తీర్పులో "మూడు సంవత్సరాల కఠిన కారాగార శిక్ష" అని రాస్తారు. ఫలానా తేదీన విడిచిపెట్టండని రాయరు. ఆ తేదీని లెక్కగట్టేది జైలు కార్యాలయంలోని ఉద్యోగి. ఆయన ముందుండేది ముద్దాయి మొహమూ కాదు, సాక్షుల వాఙ్మూలాలూ కావు. కోర్టు పంపిన వారెంటు అనే ఒక్క కాగితం. మనిషిని లోపల ఉంచుకొనడానికి జైలుకు ఉన్న అధికారమంతా ఆ కాగితానిదే. 2021లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఆసుపత్రి కోసం కూల్చివేసినప్పుడు ఖైదీలను ఇతర జైళ్ళకు తరలించారు. అట్లా తరలించిన ప్రతిసారీ మనిషి వెంట అతని వారెంటు కూడ వెళ్ళాలి. అది లేనిదే కొత్త జైలు అతన్ని ఉంచుకోలేదు.

ఆ కాగితమే తప్పని జైలు అధికారికి అనుమానం వస్తే? దానికి 1900 నాటి ప్రిజనర్స్ చట్టం 17వ సెక్షనులో దారి చూపారు. సంగతి రాష్ట్ర ప్రభుత్వానికి రాసి, వారు చెప్పినట్టు నడుచుకోవాలి. జవాబు వచ్చేదాక ఖైదీ ఆ వారెంటు మీదనే లోపల ఉంటాడు. కాగితం మీద అనుమానం అధికారిది, ఆ అనుమానం తీరేదాక గడిచే రోజులు ఖైదీవి. నూట పాతికేళ్ళ నాటి ఈ ఏర్పాటును చదివినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది.

లెక్క ఇట్లా సాగుతుంది. శిక్ష పడిన రోజూ, విడుదలయ్యే రోజూ రెండూ శిక్షలోనివే. నెల అంటే ఇంగ్లీషు క్యాలెండరు నెల. జనవరి 1న పడిన ఒక నెల శిక్ష 31తో తీరుతుంది. ఫిబ్రవరి 1న పడితే 28తోనే తీరుతుంది. నేరం ఒకటే, శిక్ష ఒకటే, మూడు రోజులు తేడా. ఇక జరిమానా కట్టనందుకు అనుభవించవలసిన శిక్ష అసలు శిక్ష తీరాక మొదలవుతుంది. దాని మధ్యలో ఎప్పుడు డబ్బు కట్టినా అక్కడితో ముగుస్తుంది. కొంత కడితే ఆ మేరకు తగ్గుతుంది. ఒకే కేసులో మూడు నేరాలకు మూడేళ్ళు, రెండేళ్ళు, ఒక ఏడు చొప్పున శిక్షలు పడ్డాయనుకోండి. అన్నీ "ఏకకాలంలో" అనుభవించాలని కోర్టు రాస్తే మొత్తం మూడేళ్ళు. పాత కోడు కింద ఆ మాట రాయకపోతే ఒకదాని తరువాత ఒకటిగా ఆరేళ్ళు అయ్యేవి. ఒక్క మాటకు మూడేళ్ళ ఖరీదు.

అన్నిటికన్న ఎక్కువగా జారిపోయేది తీర్పుకు ముందు గడిపిన కాలం. దీన్ని నేను దగ్గరనుండి చూశాను. 2012 వానాకాలంలో మా కాలనీలో ఒక పెద్దమ్మ తీర్పు నకలు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. కాగితాలు చదివి చెప్పేవాడినని కాలనీలో నాకు కొంత పేరున్నది. ఆమె భర్త గనిలో బొగ్గు ఎత్తి రిటైరైనవాడు, అప్పటికే కాలం చేశాడు. కొడుకు ఒక కొట్లాట కేసులో శిక్ష అనుభవిస్తున్నాడు. ఆమె అడిగింది ఒక్కటే: "కొడుకా, మావోడు వచ్చే ఉగాదికి ఇంట్ల ఉంటడా?"

తీర్పు 2010 ఆగస్టు 20 నాటిది. మూడేళ్ళ శిక్ష. జరిమానా కట్టేశారు. జైలులో కొడుకుకు చెప్పిన తేదీ 2013 ఆగస్టు 19 అని ఆమె అన్నది. మూడేళ్ళకు అది సరిగానే ఉంది. కాని అంతకుముందు, కేసు మొదట్లో, అతడు 2009 మార్చి 14న అరెస్టయి జులై 27న బెయిలు మీద వచ్చాడు. వేళ్ళ మీద లెక్కబెట్టాను. మార్చిలో 18, ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 27. మొత్తం 136 రోజులు. ఈ రోజులు ఎక్కడ తగ్గించినట్టు లేదు. వకీలు ద్వారా వాకబు చేస్తే, జైలుకు వెళ్ళిన వారెంటులో ఆ కాలాన్ని నింపవలసిన గడి ఖాళీగా ఉన్నదని తేలింది. ఏ కోర్టు, ఏ జైలు అన్నది ఇక్కడ అనవసరం. తీర్పు సరిగానే ఉంది, జైలు కూడిక కూడ సరిగానే ఉంది. మధ్యలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది, అంతే.

ఆ పెద్దమ్మకు సెక్షన్లు చెప్పి ఒప్పించడం నాకు చేతకాలేదు. ఆమే నా మాటలను తన భాషలోకి తెచ్చుకొని, "అంటే, పని జేసిన దినాలకు మస్టరు పడలేదన్నట్టా?" అన్నది. అంతకు మించిన నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. అప్పటి గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవాడికి ఏడాదికి 190 హాజరులు ఉంటేనే వేతన సెలవు హక్కు వచ్చేది. ఉపరితలంలో 240 ఉండవలసి ఉండేది. ఒక్క మస్టరు తక్కువైతే ఆ ఏటి సెలవు పోయేది. అందుకే మా బొగ్గు బాయి ఇళ్ళలో చదువురాని ఆడవాళ్ళకు కూడ మస్టరు విలువ తెలుసు. కోర్టులో దరఖాస్తు వేశాక వారెంటు సరిచేసి పంపారు. ఆగస్టు 19 నుండి 136 రోజులు వెనక్కి జరిగి తేదీ 2013 ఏప్రిల్ 5 అయింది. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 11న. జైలులో పనికీ, నడవడికీ వచ్చిన మినహాయింపు రోజులు కూడ కలిసి అతడు పండుగకు చాల ముందే ఇల్లు చేరాడు.

ఈ తగ్గింపు అనాదిగా ఉన్నదేమీ కాదు. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కోడులోని 428వ సెక్షనుతో ఇది హక్కు అయింది. ఇప్పుడది 468. అంతకుముందు విచారణలో గడిచిన కాలం చట్టం దృష్టిలో శిక్ష కిందికి రాదు. సెక్షను వచ్చాక కూడ తగవులు తీరలేదు. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ అన్నే వెంకటేశ్వరరావుకూ నడిచిన కేసులో, ముందుజాగ్రత్త నిర్బంధ చట్టం కింద గడిపిన కాలం ఈ తగ్గింపులోకి రాదని సుప్రీంకోర్టు అన్నది. ఆ కేసు దర్యాప్తులోనో విచారణలోనో గడిచిన రోజులే లెక్క. అదే గోడలు, అదే అన్నం, కాని లెక్క వేరు. యావజ్జీవ ఖైదీలకు కూడ ఈ తగ్గింపు వర్తిస్తుందని తేలడానికి 1985 దాక పట్టింది. ఒకే కాలంలో రెండు కేసులలో నిర్బంధంలో ఉంటే రెంటిలోనూ ఆ రోజులు తగ్గించాలని 2001లో మరొక తీర్పు వచ్చింది.

ఆ చివరి తీర్పు విలువ మా ప్రాంతం వారికి బాగా తెలుస్తుంది. ఒక కేసులో బెయిలు రాగానే జైలు గేటు దగ్గరే మరొక కేసులో పట్టుకొనడం, పీటీ వారెంటు మీద ఊరూరి కోర్టులకు తిప్పడం ఇక్కడి ఉద్యమాల చరిత్రలో భాగం. రెండో కేసులో కోర్టు ముందు హాజరుపరిచి రిమాండు రాసేదాక, అతడు లోపలే ఉన్నా ఆ కేసులో అతని లెక్క మొదలు కాదు. పీడీ చట్టం కింద గడిపిన నెలల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ చట్టాన్ని తెలంగాణలో విచ్చలవిడిగా వాడుతున్న తీరును సుప్రీంకోర్టు 2023లో తీవ్రంగా తప్పుపట్టింది.

వారెంటు మీది తేదీ ఎంత భయంకరమైనదో చూడాలంటే చిలకలూరిపేట కేసును గుర్తు చేసుకోవాలి. 1993 మార్చి 8న బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు దళిత యువకులకు మరణశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1997 మార్చి 29న రాజమండ్రి జైలులో ఉరి అని వారెంటు వచ్చింది. ముందురోజు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అంతవరకు తమ చావు తేదీ తెలిసి బతికిన ఆ ఇద్దరూ, ఆ తరువాత ఏ తేదీ లేకుండా బతకవలసి వచ్చింది. ఆ 23 కుటుంబాల దుఃఖాన్ని నేను తక్కువ చేయడం లేదు. తేదీ లేని శిక్ష అంటే ఏమిటో అంటున్నాను.

ఇక మినహాయింపులో పలుకుబడి పాత్ర. కర్నూలు జిల్లాకు చెందిన ఒక ఖైదీకి మిగిలి ఉన్న శిక్షను 2005లో ప్రభుత్వం రద్దు చేస్తే, 2006 అక్టోబరు 11న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అతడు ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అని అధికారుల నివేదికలో రాసి ఉండడాన్ని కోర్టు ఎత్తి చూపింది. దీనికి ఎదురుగా బీహారులో రుదుల్ షా ఉన్నాడు. 1968లో నిర్దోషిగా తేలినవాడు 1982 దాక జైలులోనే ఉండిపోయాడు. ఒకరి తరఫున అడిగేవారు ఎక్కువ, మరొకరి తరఫున అడిగేవారే లేరు. విడుదల తేదీ కూడికా తీసివేతే అయినా, ఆ లెక్కను ఎవరైనా తిరిగి చూస్తున్నారా లేదా అన్నదాని మీదనే మనిషి బతుకు ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు జైళ్ళలో కంప్యూటర్లు వచ్చాయి. శిక్ష తేదీ యంత్రమే చెబుతుంది. అయితే ఖాళీ గడిని ఖాళీగానే చదవడం యంత్రానికి కూడ అలవాటే. కనుక మీకు తెలిసినవారి ఇంట ఎవరైనా శిక్షలో ఉంటే మూడు సంగతులు అడగమని చెప్పండి. విచారణ కాలంలో లోపల గడిపిన రోజులు వారెంటులో రాశారా? శిక్షలు ఏకకాలంలోనా, వరుసగానా? జరిమానా కట్టిన రసీదు జైలుకు చేరిందా? నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ, ఆదాయంతో పని లేకుండా, 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను కింద ఉచితంగా వకీలు దొరుకుతాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా చాలు. ఆ కాగితంలో రోజులను మాత్రం విడివిడిగా, నెలవారీగా లెక్కబెట్టి రాయండి.