పెరటిలోని గోదావరి

మొన్నటి వేసవిని రాజమహేంద్రవరమున మా యక్కగారి యింట నుంటిని. 1900 మొదలు 1997 వఱకు రైళ్లను మోసిన పాతవంతెన వారి వీధికిఁ జేరువ. పెరటిలో వేపనీడను బిడ్డ నడుమెత్తు బల్ల. దానికి రెండు తొట్లు. ఒకదానఁ గడిగిన గోదావరి యిసుక, వేఱొకదాన బెత్తెడు నీరు. అంచులు నున్ననివి, అడుగున నీరు వదలు రంధ్రము గలదు.

రెండేండ్ల చిన్నవాఁడు తడియిసుకతో గుడి కట్టి, కొబ్బరిచిప్పతో నభిషేకము సేయుచుండెను. అక్క పిలువఁగా నేను లోని కేగి మరలునంతలో వాని మోము నీటిలో వ్రాలియుండెను! ఎత్తఁగానే యుక్కిరిబిక్కిరియై యేడ్చెను; ఆ యేడుపు విన్నపిదపఁ గాని నా ప్రాణము కుదుటఁబడలేదు.

తల్లులారా! బిడ్డకు బెత్తెడు నీరును గోదావరియే. ఆట ముగియఁగనే నీరు వదలుఁడు. పిల్లులు చొరకుండ నిసుకపై మూఁత వేయుఁడు. చెంతఁ బెద్దలు లేనిచో బిడ్డను బల్లదఱికిఁ బోనీయకుఁడు.